పొట్టసారు అంతర్వాణి

ఆ ఇంటి కోడలు మనుషుల మలం చూసి బతికే డాక్టరు. ఈ మాట ఆవిడే అనేది, ఎవరైనా కొత్తవాళ్ళు "మీరు దేనికి డాక్టరండీ?" అని మర్యాదగా అడిగితే. అడిగినవాళ్ళ మొహం ముడుచుకుపోవడం చూసి లోలోపల సంతోషించేది. పెద్దాసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, మైక్రోస్కోపు ముందు కూర్చుని, బిగించిన చిన్నచిన్న డబ్బాలు ఒక్కోటీ తెరిచి, ఎవరి పేగుల్లో ఏం కాపురముంటోందో పై అంతస్తు డాక్టర్లకి చెప్పడం ఆవిడ పని. పైన పట్టు బట్టలు కట్టుకుని, సెంటు పూసుకుని తిరిగేవాళ్ళ డబ్బాలు కూడా ఆ గదికే వస్తాయి. మనుషుల మీద ఆవిడకి పెద్దగా గౌరవం లేకపోవడానికి ఈ ఉద్యోగం కొంత కారణం. మిగతా కారణం మామగారు.

మామగారు ఒక ఓడల కంపెనీలో మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే అధికారిగా చేసి రిటైరైనవాడు. ఆయన పద్ధతి ఆయనది. ఎదుట మనిషి వచ్చి కూర్చోగానే సర్టిఫికెట్లు పక్కకి తోసేసేవాడు. కుడిచెయ్యి బొడ్డు మీద పెట్టుకుని, కళ్ళు అరమోడ్చి, ఎవరో లోపల్నుంచి ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు కాసేపు వినేవాడు. లోపల నిమ్మళంగా ఉంటే ఉద్యోగం. గుడగుడమంటే వచ్చిన దారినే ఇంటికి. "చదువు అబద్ధం చెబుతుంది, మొహం అబద్ధం చెబుతుంది. పొట్ట చెప్పదు" అనేవాడు. ఆఫీసులో అందరూ పొట్టసారు అని పిలిచేవాళ్ళు. వెనకాల నవ్వుకుంటూ పెట్టిన పేరుని ఆయన బిరుదులా భుజాన వేసుకున్నాడు.

పొద్దున నూనె ఎక్కువై పొట్ట ఉబ్బరించిన పాపానికి ఎందరు మంచివాళ్ళు ఇంటిదారి పట్టారో, రాత్రి బాగా నిద్రపట్టిన పుణ్యానికి ఎందరు వెధవలు కుర్చీలెక్కారో అని కోడలు తరచూ అనుకునేది. ఆయనకి మాత్రం తగిలిన రాళ్ళే గుర్తు. తగలనివన్నీ ఆయన లెక్కలో అసలు విసరనే లేదు.

రిటైరయ్యాక ఆ పొట్ట ఇంటి మీద పడింది. కొళాయి బాగుచేసేవాణ్ణి పిలవాలన్నా, కర్టెన్ల రంగు ఎంచాలన్నా, పై వాటా అద్దెకివ్వాలన్నా ముందు బొడ్డు మీదికి చెయ్యి వెళ్ళాలి. ఆవిడ భర్త వంతెనలు కట్టే ఇంజినీరు. ఏ ఉక్కు దూలం ఎంత బరువు మోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు గానీ, తండ్రి ముందు నోట్లోంచి మాట పెగలదు. "ఆయనంతే, వదిలెయ్" అనే ఒక్క మాటతో పెళ్ళైన దగ్గర్నుంచీ సంసారం లాక్కొస్తున్నాడు.

వదిలెయ్యడానికి ఆవిడ సిద్ధంగానే ఉండేది, అత్తగారి సంగతి జరక్కపోతే. అత్తగారికి రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు ముందు భర్తకే చెప్పుకుంది. ఆయన పొట్ట మీద చెయ్యేసుకుని విని, "ఏం కాదు. నాకు లోపల చల్లగా ఉంది" అన్నాడు. పిచ్చి మనిషి, ఆ చల్లదనాన్ని నమ్ముకుని కూర్చుంది. కోడలి చెవిన పడేసరికి గడ్డ చంకలోకి పాకింది. గడ్డలోంచి తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద చూసింది కోడలే. అత్తగారు పోయాక, పరామర్శకి వచ్చినవాళ్ళ మధ్య కూర్చుని ఆయన అన్నాడు: "నా పొట్టకి ముందే తెలుసు. చెప్పి భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను."

ఆ రోజు ఆవిడకి కోపమే వచ్చుంటే ఎప్పుడో ఒకప్పుడు చల్లారేది. వచ్చింది ఏవగింపు. అది చల్లారే సరుకు కాదు. దాన్ని ఆవిడ అతివినయంలో దాచుకుని, పూటకింత వడ్డించేది. "మామయ్యగారూ, ఈ పూట తమ పొట్టగారేమంటున్నారు?" అని అడిగేది. ఆయన నిజమనుకుని వివరంగా చెప్పేవాడు.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఆడపడుచు. ఊళ్ళో ఉన్న పెద్ద ఈతకొలనులో కోచ్. వెడల్పాటి భుజాలు, ఎప్పుడూ సగం తడిసే ఉండే జుట్టు, ఆ చివర నీళ్ళలో మునుగుతున్నవాడికి ఈ చివర్నుంచి వినపడే గొంతు. ఇంట్లో మామూలుగా "ఉప్పు అందుకో" అన్నా పక్కవాటా వాళ్ళు అందుకునేలా ఉండేది. నలభై దగ్గరపడుతోంది. ఇదివరకు ఇద్దర్ని ఇష్టపడి ఇంటికి తీసుకొచ్చింది. ఇద్దర్నీ పొట్ట తిప్పి పంపేసింది. ఒకతను ఆ తర్వాత ఇంకెవర్నో చేసుకుని చక్కగా కాపురం చేసుకుంటున్నాడు. రెండోవాడి సంగతి తెలియదు.

మూడో అతనికి చెవిమిషన్ల షాపు ఉంది. వినపడని ముసలివాళ్ళకి ఓపిగ్గా మిషన్లు అమర్చి, మాట ఎలా వినాలో మళ్ళీ నేర్పిస్తాడని ఊళ్ళో మంచి పేరు. ఒక ఆదివారం భోజనానికి వచ్చాడు. మనిషి చూడ్డానికి శుభ్రంగా ఉన్నాడు, గొంతు వెన్న రాసినట్టుంది. ఒక్కో మాటా విడివిడిగా, మెల్లగా, ఎదుటివాళ్ళకి తన పెదాలు కనపడేలా మాట్లాడాడు. కోడలు మనసులో మెత్తనాయన అని పేరు పెట్టేసింది.

భోజనాలయ్యాక కోడలు అడిగింది, టీయా కాఫీయా అని. ఆడపడుచు నోరు తెరిచేలోపే మెత్తనాయన అందుకున్నాడు.

"తనకి టీ పడదండి. వేణ్ణీళ్ళు చాలు."

రోజుకి నాలుగైదు కప్పులు తాగే మనిషి. నవ్వేసి, "మానేద్దామనుకుంటున్నాలే వదినా" అంది.

తర్వాత ఆడపడుచు తన దగ్గర ఈత నేర్చుకున్న ఒక ముసలావిడ కథ మొదలుపెట్టింది. నీళ్ళంటే జన్మంతా భయపడి, మనవరాలి మీద పంతంతో కొలనులోకి దిగిన ఆవిడ. కథ మంచి పట్టులో ఉండగా మెత్తనాయన రెండు వేళ్ళు ఆమె మణికట్టు మీద ఆనించాడు. ఊరికే, ఈక వాలినట్టు. ఆమె గొంతు సగానికి దిగిపోయింది. మిగతా కథ అతనే చెప్పాడు. నిజానికి ఆమెకన్నా బాగా చెప్పాడు. అందరూ నవ్వారు.

కోడలు ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రెండు వేళ్ళూ చూసినప్పుడు పక్కటెముకల కింద ఏదో బిగుసుకుంది, లోపల పేగుని ఎవరో పట్టి మెలిపెట్టినట్టు. ఇదేమిటా అని ఆవిడ అనుకునేలోపే మామగారి కుడిచెయ్యి బొడ్డు మీదికి వెళ్ళింది. కళ్ళు అరమోడ్పులు పడ్డాయి. అది చూడగానే కోడలి కడుపులో పుట్టింది కాస్తా దిక్కు మార్చుకుంది. మళ్ళీ మొదలెట్టాడు ఈయన, అనుకుంది. ట్రే కొంచెం గట్టిగానే బల్లమీద పెట్టింది.

అతిథి వెళ్ళి తలుపు మూసీ మూయగానే మామగారు తీర్పిచ్చాడు.

"వద్దు."

"ఎందుకు నాన్నా?" అంది ఆడపడుచు.

"లోపల తిప్పేస్తోంది."

"అతనేం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. మంచిగానే ఉన్నాడు. పొట్ట ఒప్పుకోవడంలేదు."

"ఇది మూడోసారి. మీ పొట్టకి నేను పెళ్ళి చేసుకోవడమే ఇష్టం లేదేమో."

"నా పొట్టనే అంటావా? దాన్ని నమ్మే కంపెనీ నడిచింది."

భర్త పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆడపడుచు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక కోడలు నోరు విప్పింది. తేనెలో ముంచిన గొంతుతో.

"మామయ్యగారూ, ఈమధ్య రోజూ లోపల తిప్పుతోందంటున్నారు కదా. మీకో డబ్బా ఇస్తాను. పొద్దున దాంట్లో కాస్త నమూనా పట్టి ఇవ్వండి. తమ పొట్ట ఏమంటోందో నేను దగ్గరుండి చూసి చెబుతాను."

ఆయన పొంగిపోయాడు. ఇన్నాళ్ళకి శాస్త్రం తన గుమ్మం తొక్కిందనుకున్నాడు. తెల్లారేసరికి డబ్బా సిద్ధం చేసి, దాని మీద తన పేరు, పాత హోదాతో సహా, గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు.

కిటికీ లేని గదిలో ఆవిడ ఆ స్లైడు చూసింది. మందపాటి గోడ, ఆ గోడలో చక్రం ఆకుల్లా గీతలు, గుండ్రటి గోధుమరంగు గుడ్లు. ఒకటి కాదు, చూసిన చోటల్లా ఉన్నాయి. బద్దెపురుగు. ఆయనకి సగం కాల్చిన మాంసమంటే ప్రాణం. ఎర్రగా ఉంటేనే బలమని ఆయన సిద్ధాంతం. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, ఒంటరిగా, కడుపుబ్బ నవ్వింది.

సాయంత్రం అందరూ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు చెప్పింది.

"మామయ్యగారూ, మీ పొట్టలో నిజంగానే ఒకరున్నారు. రిబ్బన్‌లా బారుగా ఉంటారు. నోరుండదు, కళ్ళుండవు, చెవులుండవు. మెదడు అని చెప్పుకోదగ్గది కూడా ఉండదు. ఎన్నాళ్ళుగా ఉంటున్నారో తెలీదు గానీ, ఇలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఉండిపోగలరు. మీ కంపెనీకి మనుషుల్ని ఎంచింది ఈ మహానుభావుడేనేమో."

 ముందు ఆడపడుచు నవ్వింది. కళ్ళనీళ్ళు కారేలా, బల్ల మీద తల ఆనించి, ఆ పెద్ద గొంతుతో నవ్వింది. తండ్రి ఎదురుగా ఏనాడూ పళ్ళు కనపడనివ్వని భర్త కూడా చేత్తో మొహం కప్పుకుని భుజాలు అదిరేలా నవ్వాడు. మామగారు ఒక్కడూ తన కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

బద్దెపురుగు చాలామందిలో అసలు చప్పుడే చెయ్యదు. ఉందన్న సంగతి కూడా వాళ్ళకి తెలీదు. మామగారి గుడగుడకీ దానికీ సంబంధం ఉందని ఏ డాక్టరూ ఒట్టేసి చెప్పలేడు. ఈ సంగతి కోడలికి బాగా తెలుసు. ఆ పూట చెప్పాలనిపించలేదు.

మాత్ర వేశారు. పురుగు పోయింది. దాంతోపాటు పొట్టసారు కూడా పోయాడు. చెయ్యి అలవాటుకొద్దీ బొడ్డు మీదికి వెళ్ళేది. వెళ్ళి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చినట్టు జారిపోయేది. బీరువా ముందు రెండు చొక్కాలు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. షాపులో సబ్బుల ముందు ఆగి, "అమ్మా, ఏది తీసుకోమంటావు?" అని కోడల్ని అడిగేవాడు. ఆవిడ వాసన కూడా చూడకుండా ఏదో ఒకటి బుట్టలో పడేసేది. ఆయన సరేననేవాడు. ఆవిడకి అది బాగుంది.

ఒక్క మాత్రతో పొట్ట మూగపోదు. తలకీ పేగులకీ మధ్య నరాల దారి రెండువైపులా నడుస్తుందనీ, పేగు బాధ తలకి ఎక్కినట్టే తలలో పడ్డ సిగ్గు పేగులోకి దిగుతుందనీ ఆవిడే కుర్ర డాక్టర్లకి పాఠం చెబుతుంది. ఎదురుగా సొంత మామగారిని అలా చూస్తూ కూడా ఆ పాఠం గుర్తు రాలేదు. వచ్చినా పట్టించుకునేది కాదు.

పెళ్ళి మాట మళ్ళీ ఎత్తితే ఆయన, "నాకేం తెలియడంలేదమ్మా. మీ ఇష్టం" అన్నాడు. రిజిస్టరాఫీసులో పెళ్ళైంది. సాక్షి సంతకం కోడలే చేసింది, గెలిచినదానిలా.

మొదట్లో ఆడపడుచు ప్రతి ఆదివారం వచ్చేది. తర్వాత అతను తోడు లేకుండా రావడం మానేసింది. వచ్చినా సోఫా అంచున కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడేది. పెళ్ళైతే మనిషి నెమ్మదిస్తుందిలే అన్నాడు అన్నగారు. ఇంకొన్నాళ్ళకి ఈతకొలను ఉద్యోగం మానేసిందని తెలిసింది.

"క్లోరిన్ వాసన పడదట" అంది ఫోన్‌లో.

"నీకా?" అంది కోడలు.

"తనకి."

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎప్పుడూ అతనే ఎత్తేవాడు. "తను పడుకుందండి. లేచాక చెబుతాను" అనేవాడు, ఒక్కో మాటా విడివిడిగా.

ఒక మధ్యాహ్నం కోడలు ఆసుపత్రి నుంచి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళింది, చెప్పాపెట్టకుండా. కింద షాపు, పైన ఇల్లు. మెట్ల నిండా మందపాటి తివాచీ పరిచి ఉంది. తన అడుగులే తనకి వినపడలేదు. తలుపు తీసిన ఆడపడుచు పెదాల మీద వేలు పెట్టి, లోపలికి రమ్మని సైగ చేసింది. ఆమె రెండు చెవుల్లోనూ మిషన్లున్నాయి.

"ఇవేంటి?"

"గట్టిగా మాట్లాడకు వదినా, బుర్ర అదిరిపోతుంది" అని గుసగుసలాడింది. "నాకు వినికిడి తగ్గిందట. షాపులో పరీక్ష చేశాడు. అందుకే చిన్నప్పట్నుంచీ అరుస్తున్నానట. పాపం, ఖరీదైనవే పెట్టాడు."

"నీకు వినపడదా?"

"తను చెబితేనే తెలిసింది."

"నిన్నేమైనా అంటాడా? కోప్పడతాడా?"

"ఛ, ఏనాడూ పల్లెత్తు మాట అనడు. నేను గొంతు పెంచితే చెవులు మూసుకుని అలా కూర్చుంటాడు. అంతే. నేను సారీ చెప్పేదాకా. ఒక్కోసారి రెండ్రోజులు కూడా." ఆమె మెట్లవైపు చూసి, ఆ తర్వాత మాట పూర్తిచేసింది. "తప్పు నాదే కదా."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో కోడలికి ఆ క్షణాన కళ్ళకి కట్టింది. ఆవిడ వెళ్ళి ఆడపడుచు చెప్పులు తీసుకొచ్చి కాళ్ళ ముందు పెట్టింది. ఇద్దరూ షాపు ముందునుంచే నడిచి వెళ్ళారు. మెత్తనాయన ఎవరో పెద్దాయన చెవిలోకి లైటు వేసి చూస్తూ వీళ్ళని గమనించలేదు.

ఆసుపత్రిలో చెవుల డాక్టరు కోడలికి పాత స్నేహితురాలు. గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి బయటికొచ్చి, "వీటికేమైంది? ఇంత మంచి చెవులు ఈ వయసులో నాకే లేవు" అంది. మిషన్లు రెండూ తీసి బల్ల మీద పెట్టింది. ఆడపడుచు వాటివంక చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది కోడలు. ఏడవలేదు. "టీ తాగుదామా వదినా" అంది.

ఆ సాయంత్రమే అతను వచ్చాడు. హాల్లో నిలబడి, ఎవరి మీదా కోపం లేనివాడిలా, "తనకి విశ్రాంతి కావాలండి. ఇంటికి తీసుకెళ్తాను" అన్నాడు. అన్నగారు కుర్చీలోంచి లేచి చెల్లెలికి అడ్డంగా నిలబడ్డాడు. నోట్లోంచి మాటైతే రాలేదు గానీ, నిలబడ్డాడు. అన్నని పక్కకి జరిపి ఆడపడుచు ముందుకొచ్చింది.

"బయటికి నడు" అంది. కొలను ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడే గొంతుతో. మెత్తనాయన రెండు చేతులూ చెవుల మీదికి వెళ్ళాయి. ఆమె చూసింది. ఈసారి సారీ చెప్పలేదు. అతను అలా చెవులు మూసుకునే మెట్లు దిగిపోయాడు.

అన్నగారు వెళ్ళి తలుపుకి గడియ పెట్టాడు. అప్పుడు, మూలనున్న కుర్చీలోంచి, ఇన్నాళ్ళుగా వినపడని గొంతొకటి లేచింది.

"చెప్పిందా లేదా?"

మామగారి చెయ్యి బొడ్డు మీద ఉంది.

కోడలికి ఒళ్ళు మండింది. "చెప్పింది మీ పొట్ట కాదు మామయ్యగారూ. పురుగు."

"సరే, పురుగే" అన్నాడు ఆయన శాంతంగా. "పురుగుకి తెలిసింది. ఇంత చదివిన డాక్టరువి, నీకు తెలియలేదు."

 

మర్నాటికల్లా ఆయన తన చొక్కా తను ఎంచుకున్నాడు. వారం తిరిగేసరికి పాత దుకాణం మళ్ళీ తెరిచాడు. పాలవాడు పొట్టకి నచ్చలేదు, కొత్త పరుపు నచ్చింది. కూతురి కాపురం కూలిపోయిందన్న బాధకన్నా, తన పొట్ట గెలిచిందన్న సంబరమే ఆ మొహంలో ఎక్కువ కనపడింది. కోడలు చూసి, ఈ మనిషి మారడు అనుకుంది. అయినా ఒక సంగతి మాత్రం ఆవిడ గొంతుకి ముల్లులా అడ్డంపడింది. ఆ ఆదివారం ఆ రెండు వేళ్ళూ ఆయన కూడా చూశాడు. టీ మాట కూడా విన్నాడు. కళ్ళు చూసింది, చెవులు విన్నది నోటితో చెప్పడం చేతకాక, పొట్ట తిప్పుతోందన్నాడు. "నా కూతుర్ని మాట్లాడనివ్వడం లేదు" అని ఒక్క ముక్క చెప్పుంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. అంత చిన్న మాట చెప్పడం రాని మనిషి, జన్మంతా దానికి జ్ఞానమని పేరు పెట్టుకుని ఊరేగాడు.

ఈతకొలనువాళ్ళు ఆడపడుచుని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. మొదటిరోజు కోడలే కారులో దింపడానికి బయల్దేరింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, అద్దం దించుకుని కూర్చున్న ఆడపడుచు దారిలో ఉన్నట్టుండి అడిగింది.

"వదినా, అతను భోజనానికొచ్చిన రోజు నీకేమీ అనిపించలేదా?"

"లేదు" అంది కోడలు. అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది. డాక్టర్లకి అలవాటే.

"నాకనిపించింది."

కోడలు తల తిప్పి చూసింది.

"నా మణికట్టు మీద వేళ్ళు పెట్టాడు చూడు, అప్పుడు. కడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఇదేదో బాగాలేదే అనుకున్నా. అంతలో నాన్న పొట్ట మీద చెయ్యేసుకున్నాడు." ఆమె నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "మనింట్లో కడుపు నాన్న ఒక్కడికే కదా ఉండేది. మిగతావాళ్ళకి ఉన్నది ఉత్త జీర్ణాశయం. ఈసారి చచ్చినా ఆయన మాట విననని, నా కడుపుది కూడా వినడం మానేశా."

ఎర్ర లైటు పడింది. కోడలు కారాపి స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. నాకూ అచ్చం అలాగే అయింది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మామగారిని నవ్వులపాలు చెయ్యడానికి ఈ పిల్ల జీవితాన్ని పణంగా పెట్టిన సంగతి దాని వెనకాలే వచ్చింది. ఆవిడ ఇన్నేళ్ళలో ఎందర్నో చిన్నచూపు చూసింది. తనంత దగ్గరగా, తనంత చిన్నగా ఎవరూ కనపడలేదు.

"ఏంటి వదినా, ఏదో అనబోయావు?"

"ఏం లేదు" అంది కోడలు.

పచ్చ లైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆవిడ గేరు వేసి, బండి ముందుకి పోనిచ్చింది.